అక్రోపోలిస్ అంటే ఉత్త ఫొటో స్పాటా?

ఇందాక ఒక ట్రావెల్ గ్రూపులో ఎవరో ఏథెన్స్ అక్రోపోలిస్ ఫొటోలు పెట్టి "కొండ మీద గ్రీకుల గుడి" అని రాశారు. గుడి కంటే ముందు అది కోట అండీ అని కామెంట్ పెట్టాను. "హిస్టరీ క్లాసులు వద్దు బ్రో" అని జవాబు, దానికి బోలెడు లైకులు. ఒళ్లు మండిపోయింది.

ఆ ఫొటోల్లో కనిపించే గుడి పార్థెనాన్. దాని పని మొదలైంది క్రీ.పూ. 447లో. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే ఆ కొండ చుట్టూ పెద్ద పెద్ద బండలతో గోడ కట్టారు. శత్రువు చుట్టుముడితే నీళ్లకు కరువు రాకూడదని కొండ పగులులోంచి బావి దాకా మెట్లు దింపారు. ఉత్త గుడికైతే ఇదంతా ఎందుకండీ?

ఆ కొండ ఎవడి చేతిలో ఉంటే ఊరు వాడిది. క్రీ.పూ. 632 ప్రాంతంలో సైలోన్ అనేవాడు నియంత కావాలనుకుని ముందు ఆక్రమించింది ఆ కొండనే. తర్వాత ఏథెన్స్‌కు నియంత అయిన పైసిస్ట్రాటస్ చేసిందీ అదే. క్రీ.పూ. 508 ప్రాంతంలో ఇంకో గ్రీకు రాజ్యం స్పార్టా రాజు క్లియోమెనిస్ తన సైనికులతో పైకెక్కి కూర్చుంటే, ఏథెన్స్ మామూలు జనం కింద చుట్టుముట్టి మూడో రోజుకల్లా లొంగదీశారు. ఏథెన్స్ ప్రజాస్వామ్యం నిలబడింది ఆ జనం వల్లే! ఒక్క గైడయినా ఈ ముక్క ముందు చెబుతాడా? థీబ్స్ అనే మరో గ్రీకు నగరంలోనూ అంతే. క్రీ.పూ. 382లో స్పార్టా దండు అక్కడి కొండ కోట కాడ్మియాలో దిగింది, మూడేళ్లకు గానీ ఊరికి విముక్తి రాలేదు. ఎత్తైన కోట రాజులకూ కొద్దిమంది పెత్తనానికీ నప్పుతుంది, ప్రజాస్వామ్యానికి చదును నేల కావాలి అని అరిస్టాటిల్ ఊరికే అనలేదు.

కోట కాబట్టే 1687లో తురుష్కులు పార్థెనాన్‌లో మందుగుండు దాచారు, వెనిస్ వాళ్ల ఫిరంగి గుండుకు అది పేలిపోయింది. మిగిలిన శిల్పాల్లో సగం దాకా బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ఊడదీసి లండన్ పట్టుకుపోయాడు, ఇప్పుడవి అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

లండన్ అంటే నాకు ఇంకో మంట ఉంది. అదే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలున్నాయి. 1845లో ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకు తరలిస్తే, 1859లో ఓడెక్కించారు. గ్రీకుల మంత్రి మెలీనా మెర్కూరి 1982లోనే ప్రపంచ వేదిక మీద మా శిల్పాలు మాకివ్వండి అని అడిగింది, వాళ్లు ఈ రోజుకీ వదలడం లేదు. అమరావతి పేరు మీద ఓట్లడిగే మన నాయకుల్లో, ఆ పలకల కోసం అంత గట్టిగా అడిగినవాళ్లెవరో చెప్పండి.