మజ్జిగన్నం తినేవాళ్లకి నీళ్లు విషమా?

ఈ ఎండాకాలం మా అత్తయ్య కంచం పక్క నుంచి మంచినీళ్ల గ్లాసు తీసేసింది. ముద్ద అడ్డం పడి ఎక్కిళ్లు వస్తున్నా సరే, తిన్న గంటన్నర దాకా చుక్క ముట్టదు. వాట్సాప్‌లో వచ్చిందట. అందులో వరస ఇదీ: తింటూ నీళ్లు తాగితే జఠరాగ్ని ఆరిపోతుంది. అరగని తిండి కడుపులో కుళ్లుతుంది. దాంతో రక్తం ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. 40 దాటేసరికి మోకాళ్లు అరిగిపోతాయి. సాక్ష్యంగా ఓ శ్లోకం ముక్క: "భోజనాంతే విషప్రదం".

ముందు శ్లోకం సంగతి. చాణక్యనీతిలోది, మూడొంతులు మింగేశారు. "అజీర్ణే భేషజం వారి, జీర్ణే వారి బలప్రదం, భోజనే చామృతం వారి" అన్నాకే ఆ ముక్క వస్తుంది. అంటే భోజనం మధ్యలో నీళ్లు అమృతం. సందేశం వద్దన్నది సరిగ్గా దాన్నే! తిన్నాక వద్దని చివరి పాదం అంటోంది, నిజమే. ఎముకల ఊసు మాత్రం అందులో లేదు.

ఇక అగ్ని. నీళ్లు చల్లితే ఆరడానికి కడుపులో ఉన్నది కట్టెల పొయ్యి కాదు. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే అతనికి తుపాకీ దెబ్బ తగిలి, గాయం మానినా కడుపుకి రంధ్రం మిగిలిపోయింది. విలియమ్ బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ దారిన జఠరరసం బయటికి తీసి, సీసాలో మాంసం ముక్క వేసి, ఒంటి వేడిలో ఉంచి చూశాడు. ముక్క కరిగిపోయింది. కరిగించింది మంట కాదు, ఆమ్లమూ పెప్సిన్ అనే ఎంజైమూ.

పలచబడదా అంటారు. ఆమ్లం ఎంత ఘాటుగా ఉందో చెప్పే పీహెచ్ కొలతలో అది ఒక్క మెట్టు తగ్గాలంటే దాన్ని పదింతలు పలచన చెయ్యాలి. తిండితో నిండిన కడుపులో గ్లాసు నీళ్లకి అది సాధ్యం కాదు. పైగా కడుపు మూతపెట్టిన సీసా కాదు. రోజుకి దాదాపు 2 లీటర్ల రసం ఊరుతుంది, ఆమ్లం తగ్గితే ఇంకా ఊరుతుంది. ఉత్త నీళ్లు తిండి కంటే ముందే పేగుల్లోకి జారిపోతాయి. అసలు జీర్ణమవడం అంటేనే నీటితో పని: పిండిపదార్థం, మాంసకృత్తుల గొలుసులో ఒక్కో లంకె తెగడానికి ఒక్కో నీటి అణువు ఖర్చవుతుంది. రోజూ పేగుల్లోకి చేరే 8, 9 లీటర్లలో మనం తాగేది 2 లీటర్లే, మిగతాదంతా ఒళ్లు ఊరించుకున్న రసాలే. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లు. మజ్జిగలో 90 శాతం పైనే. చారు మానెయ్యమని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం?

కుళ్లడం మాటకొస్తే, కడుపులోని ఆమ్లం చాలా క్రిములని చంపేస్తుంది. పీచు పులిసేది పెద్దపేగులో, అది మామూలే.

రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య కదలకుండా చూసేవి ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ. కడుపు దాటిన ఆమ్లాన్ని క్లోమరసం అక్కడికక్కడే విరిచేస్తుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఒంట్లో ఆమ్లం పేరుకుని ఎముకలకి చేటు చేస్తుంది, అది నిజం. ఆ తప్పు గ్లాసుది కాదు.

ఎముకల్లోంచి కాల్షియం ఎప్పుడు పోతుంది? రక్తంలో అది తగ్గినప్పుడు మెడలోని చిన్న గ్రంథుల్లో ఊరే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల నుంచి అప్పు తెస్తుంది. తిండిలో కాల్షియం చాలకపోయినా, ఎండ తగలక విటమిన్ డి లేకపోయినా ఆ అప్పు తీరదు. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఆడవాళ్లకి ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350, గ్లాసు పాలలో 250 నుంచి 300. అత్తయ్య రాగిజావ తాగుతుంది, ఎండలోకి మాత్రం రాదు. నాకు దిగులు దాని గురించే.

పోనీ మోకాళ్లు? అక్కడ అరిగేది ప్రధానంగా కీలులో ఎముకల కొసలని కప్పే మెత్తటి పొర, మృదులాస్థి. ఎముక గుల్లబారడం వేరే జబ్బు, అది విరిగేదాకా నొప్పి కూడా తెలియనివ్వదు.

తినగానే చెంబెడు తాగితే కడుపు ఉబ్బి, గుండెల్లో మంట ఉన్నవాళ్లకి పుల్లటి తేన్పులు రావచ్చు. వాళ్లు కొంచెం కొంచెంగా తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. అత్తయ్యకి ఆ మూడూ లేవు.