టీకా బ్యాక్టీరియాకు ఏం తిండి పెడుతున్నాం?

2021 జూన్‌లో కోవాగ్జిన్‌లో లేగదూడ సీరం (రక్తంలోని తేట ద్రవం) ఉందంటూ వాట్సాప్‌లో ఎంత గోల జరిగిందో గుర్తుండే ఉంటుంది. సీరం వాడేది వీరో కణాలు (టీకా వైరస్‌ను పెంచే కోతి కిడ్నీ కణాలు) పెంచడానికేనని, వైరస్ ఎక్కించే ముందే వాటిని కడిగేస్తారని ఆరోగ్యశాఖ చెప్పింది. నిజమే. గొడవ సద్దుమణిగింది. అసలు జంతువుల సరుకు లేకుండా టీకాలు చేయలేమా అన్న చర్చ మాత్రం మొదలే కాలేదు.

బ్యాక్టీరియా టీకాల్లో చాలావరకు చేయొచ్చు. ధనుర్వాతం టీకానే చూడండి. క్లాస్ట్రీడియం టెటానీని పెంచి, అది వదిలిన విషాన్ని ఫార్మాలిన్‌తో కోరలు పీకిన పాములా చేస్తారు. ఆ బ్యాక్టీరియాకు పాతకాలం నుంచీ పెట్టే తిండి పాలలోని కేసిన్‌ను జీర్ణం చేసిన పొడి, ఎద్దు గుండె రసం. ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్ తలుపు తీస్తే గదంతా మాంసం పులుసు వాసన. వాసనతో నాకు పేచీ లేదు, ఆ పొడితోనే. కల్చర్ అదే, ఉష్ణోగ్రత అదే, పొడి లాట్ మారితే చాలు, విషం దిగుబడి పడిపోవచ్చు. కారణం పట్టుకోవడమూ కష్టమే, అందులో ఏమేం ఉన్నాయో పూర్తిగా తెలియదు కాబట్టి.

పిచ్చి ఆవు వ్యాధి భయంతో 2000లో బ్రిటన్ ఒక పోలియో చుక్కల మందును వెనక్కి తీసుకుంది. దాని తయారీలో అక్కడి పశువుల సీరం వాడారు. ముప్పు అతి స్వల్పమే, అయినా ఆ వ్యాధిని తెచ్చేది ప్రియాన్ అనే వికృత ప్రొటీన్, మామూలు ఆటోక్లేవ్ వేడికి లొంగని దాని విషయంలో ఆ జాగ్రత్త సబబే.

కోరింత దగ్గు బ్యాక్టీరియాకు స్టెయినర్-షోల్ట్ మీడియం (మీడియం అంటే బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) 1970 నుంచే ఉంది: అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు, అంతా కొలతే. క్షయ టీకా బీసీజీకి అలాంటిదే సాటన్ మీడియం ఉంది. సోయా పెప్టోన్‌తో (జీర్ణం చేసిన సోయా ప్రొటీన్) ధనుర్వాతం విషం తీయొచ్చని పరిశోధకులు చూపించారు. సోయాలోనూ లాట్ తేడాలుంటాయి, కానీ ప్రియాన్ టెన్షన్ ఉండదు. పసిపిల్లల్లో మెదడువాపు, న్యుమోనియా తెచ్చే హిబ్ బ్యాక్టీరియా ఒక్కటి మొండిది, హీమ్ (రక్తంలో ఉండే ఇనుము కలిసిన పదార్థం) లేనిదే పెరగదు. అక్కడ కష్టమే, ఒప్పుకుంటాను.

మరి పాత టీకాలు ఎందుకు మారవు? మీడియం మార్చితే టీకా మునుపటిలాగే పనిచేస్తోందని మళ్లీ మొదటి నుంచి రుజువు చేయాలి. ఏళ్లు పడుతుంది. అటు టెండర్లో తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డర్. ఆ ఖర్చు ఏ కంపెనీ నెత్తిన వేసుకుంటుంది?

దీన్ని చదివి ఎవరూ ధనుర్వాతం టీకా మానేయొద్దు. 2015లో మన దేశం తల్లుల, పసికందుల ధనుర్వాతాన్ని వదిలించుకుందంటే ఆ టీకా చలవ ఎంతో ఉంది. అంత మేలు చేసిన టీకా కాబట్టే దాని మార్పు ఖర్చు ప్రభుత్వం భరించాలంటున్నాను. కొత్త టీకాలకైతే ఏ సాకూ లేదు. హైదరాబాద్ దగ్గర టీకా కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో రేపు మొదలయ్యే ప్రతి ప్రాజెక్టూ మొదటి ఫ్లాస్క్ నుంచే జంతు పదార్థాలు లేని మీడియంతో మొదలవ్వాలి, కొనుగోలు టెండర్‌లో దానికి మార్కులుండాలి.