మూడు తాళాలు, 623వ దర్వాజ

నల్లగొండలో నేను కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ఆఫీసులో ఈ మధ్య సర్వర్ గదికి తాళం వేశారు. ఒకటి కాదు, మూడు. ఒక తాళంచెవి పెద్దసారు దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర. మూడోది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు, అంతకుమించిన భద్రత ఏముంటుంది?

సర్వర్ వెనక, మిగతా సాకెట్లకు కొంచెం ఎడంగా, ఒక బుల్లి నెట్‌వర్క్ సాకెట్ ఉంది. దాని వెనక, సర్వర్ లోపలే, దూరం నుంచి దాన్ని నడిపించడానికి బీఎంసీ అని ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. డెల్ వాళ్లు ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ఐలో అంటారు. సర్వర్ ఆఫ్ చేసినా ఇది పడుకోదు, ప్లగ్గులో కరెంటుంటే చాలు. ఎక్కడో కూర్చుని మిషన్ ఆన్ చేయొచ్చు, స్క్రీన్ చూడొచ్చు, లేని సీడీని ఉన్నట్టు పెట్టి విండోస్ లాంటి ఓఎస్ మొత్తం మార్చేయొచ్చు. అర్ధరాత్రి సర్వర్ బిగుసుకుపోతే హైదరాబాద్ నుంచి ఇంజనీరు బస్సెక్కి వచ్చి బటన్ నొక్కక్కర్లేదు. మంచి సౌకర్యమే, కాదనను.

అయితే ఒక్కో పనికి ఒక్కో పోర్టు కావాలి, అంటే నెట్‌వర్క్‌లో నంబరున్న ఒక్కో దర్వాజ. వెబ్ పేజీకి 443, దూరం నుంచి ఆదేశాలు టైప్ చేసే ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, ఇలాంటి బీఎంసీలన్నిటితో మాట్లాడే ఉమ్మడి పద్ధతి ఐపీఎంఐకి 623. స్క్రీన్ చూడాలంటే ఐడ్రాక్‌కు 5900, ఐలోకు 17990. ఐలోలో ఆ లేని సీడీకి మళ్లీ 17988. ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"స్క్రీన్ వస్తలేదన్నా" అని ఫోనొచ్చింది. ఇంటర్నెట్ వైపు ఒక పోర్టు తెరిచాం. "ఇప్పుడు సీడీ దొరుకుతలేదు" అన్నారు. ఇంకోటి తెరిచాం. మూడో ఫోనుకు పెద్దసారు విసుగొచ్చి "అన్నీ తెరువుండ్రి, ఏమైతది?" అన్నారు. 65,535 పోర్టులూ ఒక్క దెబ్బకు తెరుచుకున్నాయి. నిజమే, సాయుధ పోరాటం చేసిన జిల్లాలో ఆరు పోర్టులకే అవకాశమిచ్చి మిగతావాటిని అణచివేయడం న్యాయం కాదు.

మా అమ్మమ్మ వాళ్లు కూడా పెద్ద దర్వాజకు గొళ్లెం పెట్టి, దొడ్డి తలుపు బర్ల కోసం తెరిచే ఉంచేవారు. కాకపోతే వచ్చేవి తెలిసిన బర్లు.

623 మర్యాద గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2004లో వచ్చిన ఐపీఎంఐ 2.0 పద్ధతిలో, వచ్చినవాడు సరైన యూజర్ పేరు ఒక్కటి చెబితే చాలు. వాడెవడో తేలకముందే ఆ పాస్‌వర్డ్ హ్యాష్, అంటే పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టకుండా మార్చిన రూపం, తీసి చేతిలో పెడుతుంది. ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా విప్పుకోవచ్చు. ఇది ఏ ఒక్క కంపెనీ చేసిన పొరపాటూ కాదు, నియమాల్లోనే అలా రాసి ఉంది. ఇంటికొచ్చిన చుట్టానికి మనం కాళ్లకు నీళ్లిస్తాం, ఇది తాళంచెవి అచ్చు ఇస్తుంది.

2017లో ఐలో 4లో బయటపడింది ఇంకా ముచ్చటైనది. వెబ్ రిక్వెస్ట్‌లో ఒకచోట ఇంగ్లిషు 'ఏ' అక్షరం 29 సార్లు రాస్తే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చేది. అంగన్‌వాడీ పిల్లలకు కూడా అందిన టెక్నాలజీ అది. పాపం, తర్వాత సరిచేశారు.

ఈ సాకెట్‌ను ఇంటర్నెట్ నుంచి పీకేసి వేరే నెట్‌వర్క్‌లో పెడదాం, బయటినుంచి వచ్చేవాళ్లు వీపీఎన్ అనే భద్రమైన దారిలోంచే రావాలి అని నేను ఒక కాగితం రాసిచ్చాను. పెద్దసారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. భద్రత విషయంలో రాజీ పడేది లేదన్నారు. నాలుగో తాళానికి కొటేషన్ తెమ్మన్నారు.

క్లాక్ టవర్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో అడిగి వచ్చాను. ఇత్తడిది బాగుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలట.