గోడకు చెరోవైపు చెరో బావి

ఆస్తి పేచీ వచ్చి, నడి వాకిట్లో గోడ లేపి, చెరోవైపు చెరో బావి తవ్వించుకున్న అన్నదమ్ముల్ని చూసి మనం నవ్వుతాం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆర్మీ, నేవీల కథ తెలిస్తే ఆ అన్నదమ్ములకు దండం పెడతాం.

1942లో పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో ఆర్మీ జవాన్లు తిండిలేక మాడిపోయారు. అమెరికా విమానాలకు జడిసి నేవీ రాత్రిపూట వచ్చి, బియ్యం డ్రమ్ములు నీళ్లలో వదిలి, తెల్లారేలోగా ఉడాయించేది. ఇద్దరి యజమానీ ఒకే చక్రవర్తి. కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేదేమో! కానీ పరువు గలవాళ్లు ఆ పని చేస్తారా? ఆర్మీ సొంతంగా జలాంతర్గాములు కట్టించడం మొదలెట్టింది.

ఎక్కడ? రైలింజన్లు చేసే ఫ్యాక్టరీలో. ఓడలు కట్టే యార్డులన్నీ నేవీ పనిలో ఉన్నాయి మరి. ఎవరు నడపాలి? ట్యాంకులు తోలే వాళ్లు. తర్కంలో లోపం లేదు: రెండూ ఇనప డబ్బాలే, రెండింట్లోనూ ఊపిరాడదు.

రవాణా అనే జపాన్ మాటలో మొదటి అక్షరం 'యు'. దాని చుట్టూ ఒక సున్నా చుట్టి 'మారు-యు' అన్నారు. ఇంత నిజాయితీగా పేరు పెట్టిన ప్రభుత్వ పథకం నేనింకోటి ఎరగను. పొడవు 40 మీటర్ల పైచిలుకు, టార్పెడోలు సున్నా, ఒక 37 మిల్లీమీటర్ల తుపాకీ, ఇరవై నాలుగు టన్నుల సరుకు. పరీక్ష రోజున పడవ ఒక్కసారిగా అడుక్కి పోతే నేవీ వాళ్లు మునిగిపోయిందని కంగారు పడ్డారనీ, ఆర్మీ వాళ్లు మాత్రం మునిగిందని బాంజాయ్ (జపాన్ జయజయధ్వానం) కొట్టారనీ ఒక కథ ఉంది. ఎంత నిజమో గానీ, జలాంతర్గామి మునగడం తప్పెలా అవుతుంది?

1944లో మూడింటిని మనీలాకు పంపారు. రెండో నంబరుది నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని ఓర్మోక్ అఖాతంలో అమెరికా డిస్ట్రాయర్ల కంటబడింది. ఈసారి మునిగినప్పుడు ఎవరూ బాంజాయ్ అనలేదు. లోపలున్నది ఎవరి పరువో కాదు, పాతిక మందిదాకా కుర్రాళ్లు.

ఇంతకీ ట్యాంకు మనుషులు ఇలా నీళ్లలో మునుగుతున్న రోజుల్లో నేవీ ఏం చేస్తున్నట్టు? జలాంతర్గామి వీపున కట్టి మోసుకెళ్లే ట్యాంకులు తయారు చేయించుకుంటోంది. సొంత ట్యాంకులు.