‘పైన పటారం, లోన లొటారం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పైన పటారం, లోన లొటారం’ అనే తీర్పుగారి దివ్యసముఖమునకు ఒక ప్రేక్షకుడు నమస్కరించి చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. తమరి క్షేమం గురించి వేరుగా అడగనవసరం లేదు. ఏ హాస్యచిత్రంలోనైనా గోడల రంగుకూ పాత్రల దుస్తులకూ పొందిక కుదిరిందంటే చాలు, నటుడు తెరకు సరిగ్గా నడుమ నిలబడి కెమెరా వైపు సూటిగా చూస్తూ మాట్లాడాడంటే చాలు, చివర పేర్లు పడటం పూర్తికాకముందే హాలులోని సగం నోళ్లలో తమరు ఆరోగ్యంగా, ఉత్సాహంగా వెలుస్తూనే ఉన్నారు. “చూడటానికి ముచ్చటగా ఉంది, రంగులు బాగున్నాయి, సెట్లు బాగున్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు” అని తమరు సెలవిచ్చాక ఆ సినిమా గురించి మాట్లాడవలసింది ఏమీ మిగలదు. తమరి గొప్పతనమంతా అందులోనే ఉంది. సాక్షులను పిలవరు, ఏ సన్నివేశం ఖాళీగా ఉందో చూపమంటే చూపరు, పైగా తమరిని పలికినవాడు ఏమీ గమనించకపోయినా, అన్నీ గమనించి విసిగిపోయినవాడిలా కనబడేటట్టు చేస్తారు. ఇంత తక్కువ శ్రమకు ఇంత పెద్దరికం కట్టబెట్టే తీర్పు సినిమా ప్రపంచంలో మరొకటి ఉన్నట్టు తోచదు.

తమరి మీద నాకు కక్ష లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. తమరి వయసు మీద గౌరవం కూడా ఉంది. తమరు నిన్నమొన్నటి లేతరంగుల సినిమాలతో పుట్టినవారు కారు. తెర మీదికి మాటలూ రంగులూ రాకముందే తమరి వంశం సినిమా హాళ్లలో తిరుగాడుతోంది. “నటులు బొమ్మల్లా నిలబడ్డారు, ముఖంలో భావమే పలకలేదు” అనే తమరి ముద్దుల సంతానాన్నే తీసుకుందాం. మూకీల కాలపు అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ సినిమా తర్వాత సినిమాలో నవ్వకుండా నటించి, రాతిముఖం అనే బిరుదు సంపాదించుకున్నాడు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో పెనుగాలికి ఒక ఇంటి ముందుగోడ మొత్తం ఊడి ఆయన మీద పడుతుంది. పై అంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలుచున్న చోటికి రావడం వల్ల బతికి బయటపడతాడు. పడినది నిజమైన బరువున్న గోడ, కింద నిలబడింది సాక్షాత్తూ కీటన్. ఆ ఫ్రేములో కొలత అలంకారం కాదు, ఎందుకంటే పాదం కొంచెం పక్కకు జరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాడు. ముఖంలో భయం పలికించి ఉంటే చూసేవాడు అయ్యో అనేవాడు. పలికించలేదు కాబట్టే ప్రేక్షకుడు నవ్వాడు. అంటే, తమరు లోపమని రాసిపెట్టుకున్న చోటనే అక్కడ హాస్యం పని చేస్తోంది. అదే మనిషి 1926లో ‘ద జనరల్’ తీస్తే, ఆయన పాత సినిమాలంతటి నవ్వు లేదని విమర్శకులు పెదవి విరిచారు, వసూళ్లూ నిరాశపరిచాయి. 1989లో అమెరికా, భద్రపరచదగిన సినిమాల కోసం పెట్టిన తన జాతీయ చిత్ర పట్టికకు తొలివిడత సినిమాలను ఎంపిక చేసినప్పుడు వాటిలో అది ఉంది. నడుమ గడిచిన ఆ అరవై ఏళ్ల పైచిలుకు కాలానికి తమరు సంజాయిషీ ఇచ్చుకున్న జాడ ఎక్కడా కనబడదు.

తమరి ప్రతాపం నిండుగా కనిపించేది ఫ్రెంచి దర్శకుడు జాక్ తాతీ విషయంలో. ‘ప్లేటైమ్’ కోసం ఆయన పారిస్ శివార్లలో ఉక్కూ గాజూ కలిసిన ఒక చిన్న నగరాన్నే సెట్టుగా లేపితే, దానికి తాతీవిల్ అనే పేరు స్థిరపడిపోయింది. 70 ఎం.ఎం. ఫిల్ము మీద ఏళ్ల తరబడి తీసి 1967లో విడుదల చేశాడు. తెర నిండా మనుషులు. కథానాయకుడని చెప్పదగినవాడు లేడు. ముఖాలను దగ్గరగా చూపించడమన్నది దాదాపు లేదు. మాటలు పక్క గదిలోంచి వినవచ్చే సందడిలా ఉంటాయి. ఎటు చూడాలో దర్శకుడు చెప్పడు. ఒక సన్నివేశంలో రెస్టారెంటు గాజు తలుపు పగిలి ముక్కలైపోతుంది. ద్వారపాలకుడు మిగిలిన పిడిని మాత్రం చేతపట్టుకుని, అసలు లేని తలుపును వచ్చేపోయే అతిథులకు ఎంతో మర్యాదగా తెరుస్తూ మూస్తూ ఉంటాడు. గాజు ఉన్న రోజుల్లోనూ అది కంటికి ఆనలేదు కనుక అతిథులెవరికీ తేడా తెలియదు. దీనిని మాటల్లో పెట్టి చెబితే సగం నవ్వు పోతుంది, దగ్గరనుంచి చూపిస్తే మిగిలిన సగమూ పోతుంది. ఆ హాలంతా, ఆ జనమంతా ఒకే చూపులో కనబడితేనే ఆ పిడి నవ్విస్తుంది. ఇటువంటి సినిమాలో కథేది అని తమరు నిలదీశారు. ఆ సినిమా కోసం చేసిన అప్పులతో తాతీ దివాలా తీశాడు, తన సినిమాల మీద హక్కులు సైతం చేజారిపోయాయి. ఆ పాపమంతా తమరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఖర్చు అదుపు తప్పింది, పెద్ద తెర ఉన్న హాళ్లలోనే ఆడాలన్న ఆయన పట్టుదల కూడా కొంత ముంచింది. అయినా ఆ రోజుల్లో తమరు చూపిన హుషారు మరిచిపోదగినది కాదు.

ఇక ఈ కాలానికి వస్తే, తమరికి నిత్యకల్యాణం జరిపిస్తున్నవాడు అమెరికన్ దర్శకుడు వెస్ ఆండర్సన్. ఆయన కొత్త సినిమా వస్తోందని పోస్టరు పడగానే, టికెట్టు కొనకుండానే తమరిని పలికే భాగ్యం చాలామందికి కలుగుతోంది. 2014 నాటి ‘ద గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ గురించి తమరు అన్నది నాకు గుర్తుంది: గులాబీరంగు పెట్టె చూశాం, ఊదారంగు యూనిఫారం చూశాం, ఇంతకీ ఏం చెప్పాడు? తమరికి తీరిక ఉంటే ఒక మనవి. ఆ సినిమాలో 1932 నాటి కథ నడిచేటప్పుడు తెర దాదాపు చదరంగా ఉంటుంది, 1968కి రాగానే పక్కలకు సాగి వెడల్పవుతుంది, 1985లో మళ్లీ మరో కొలతకు మారుతుంది. ఏ కాలపు జ్ఞాపకాన్ని ఆ కాలపు తెర ఆకారంలో చూపడం కథ చెప్పడం కాదా? అంతకంటే ముఖ్యమైనది రైలు. సైనికులు రైలు ఆపి కాగితాలు అడిగే ఘట్టం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి రంగుల్లో వస్తుంది. హోటల్ పెద్ద చూపిన పాత మర్యాద ఎరిగిన ఒక అధికారి ఎదురై గండం గట్టెక్కిస్తాడు. రెండోసారి తెర నలుపు తెలుపులకు మారిపోతుంది, ఆ మర్యాద పని చేయదు. అప్పటిదాకా మిఠాయిలా మెరిసిన రంగు అంతా ఎవరో వచ్చి తీసుకుపోగలిగిన వస్తువని చెప్పడానికి దర్శకుడు ఒక్క మాట ఖర్చు పెట్టలేదు. రంగు ఎక్కువైందని గొణిగిన నోళ్లు అది పోయిన క్షణాన్ని గుర్తించినట్టు లేవు.

తమరి భక్తులు మాబోటి సామాన్యులు మాత్రమే కారు. 2015 ఆస్కార్ సభలో ఆ సినిమాకు తొమ్మిది నామినేషన్లు వచ్చాయి. దక్కినవి నాలుగు: సెట్ల రూపకల్పనకు, దుస్తులకు, మేకప్పుకు, సంగీతానికి. దర్శకత్వమూ స్క్రీన్‌ప్లే మాత్రం చేతికందలేదు. తమరి వాక్యాన్నే నాలుగు బొమ్మలుగా పోతపోసి వేదిక మీద పంచిపెట్టినట్టుంది. (ఆ రెండూ గెలుచుకున్న ‘బర్డ్‌మన్’ కూడా ఆద్యంతం ఒకే షాట్‌లా కనిపించేటట్టు అల్లిన చేదు హాస్యమే కాబట్టి అకాడమీకి శైలి అంటే పడదని అనలేం. కాకపోతే అందులో మనుషులు అరుస్తారు, ఏడుస్తారు, కెమెరా వాళ్ల ముఖాల్లోకి దూరిపోతుంది. తమరిని పిలిచే అవసరం రాలేదు.)

ఇంతవరకూ చదివి, తమరి ప్రత్యర్థుల పక్షాన వకాల్తా పుచ్చుకున్నానని తమరు అనుకోవచ్చు. అదేమీ లేదు. “ప్రతి ఫ్రేమూ గోడకు తగిలించుకోదగిన చిత్రపటం” అని పరవశించే అభిమానిని దగ్గరగా చూస్తే అతడు తమరి కవల సోదరుడే. మీరిద్దరూ చూసినవి అవే గోడలు, అవే రంగులు. అతడు చప్పట్లు కొట్టాడు, తమరు ఆవులించారు, అంతకు మించి తేడా లేదు. 2023లో ఈ సోదరుడు ఫోన్లలో చేసిన హడావిడి తమరికి తెలిసే ఉంటుంది. రైలు ప్రయాణాన్ని, భోజనాన్ని, పెంపుడు పిల్లిని తెర మధ్యలో నిలబెట్టి, లేతరంగు పూసి, ఒకే తరహా సంగీతం తగిలించి, ఇదే ఆండర్సన్ సినిమా అని లోకం మీదికి వదిలారు. ఆ పైన కృత్రిమ మేధతో అల్లిన ఉత్తుత్తి ట్రైలర్లు వచ్చాయి. సౌష్ఠవం అచ్చుగుద్దినట్టు దిగింది, నవ్వు మాత్రం దిగలేదు. శైలిని పైపూతగా చూసే విషయంలో అభిమానికీ తమరికీ ఇంత చక్కని ఏకాభిప్రాయం ఉండగా, మీ ఇద్దరి మధ్య గొడవ ఎందుకో నాకు అర్థం కాదు.

నన్ను ఈ లేఖకు పురిగొల్పిన విషయం ఇక్కడే ఉంది. ఒక హాస్యచిత్రం చూసి వచ్చి తమరిద్దరూ గంటసేపు వాదించుకున్నా, నవ్వొచ్చిందా అన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరి నోటా రాదు. వస్తే ఎక్కడ వచ్చింది, రాకపోతే ఏ చమత్కారం బెడిసికొట్టింది అన్న ఊసే ఉండదు. దీనికి కారణం లేకపోలేదు. మాటల మీద నడిచే హాస్యంలో చమత్కారం అందరి చెవులనూ ఒకేసారి తాకుతుంది, హాలంతా ఒక్కసారి గొల్లుమంటుంది, నవ్వనివాడు కూడా ఆ ఊపులో నవ్వేస్తాడు. కంటికి పెట్టిన హాస్యంలో అలా కుదరదు. వెనక వరుసలో నిలబడ్డ పాత్ర ఆలస్యంగా తల తిప్పడాన్ని ఒకరు చూస్తారు, గోడ మీద రాసిన బోర్డును మరొకరు చదువుతారు, మూడోవారు మాట్లాడుతున్న నటుడినే చూస్తూ రెండూ జారవిడుస్తారు. నవ్వు హాలులో ఇక్కడొకటి, అక్కడొకటిగా మొలుస్తుంది. తనకు అందని నవ్వు పక్కవాడి దగ్గర వినబడినప్పుడు మనిషికి మొదట కలిగేది అనుమానం: వీడు నిజంగా నవ్వుతున్నాడా, అర్థమైనట్టు నటిస్తున్నాడా? సరిగ్గా ఆ క్షణంలో తమరు చెవి దగ్గరకు వచ్చి, లోపల ఏమీ లేదులే నాయనా, నువ్వేమీ పోగొట్టుకోలేదు అని ఓదారుస్తారు. ఆ ఓదార్పు కోసమే తమరిని ఇంతమంది ఇంత ప్రేమగా పోషిస్తున్నారని నా అనుమానం.

తమరు నిజం పలికే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. చక్కగా సర్దిన ఫ్రేములో హాస్యం పుట్టాలంటే ఆ సర్దుబాటును ఎవరో ఒకరు చెడగొట్టాలి. ఇమడలేని మనిషి ఒకడు ఉండాలి, వరుస తప్పే అడుగు ఒకటి పడాలి, గంభీరమైన ముఖం పక్కన సిగ్గులేని సంఘటన ఏదో జరగాలి. చెడగొట్టేవాడే లేకుండా గంటన్నర పాటు పొందికను పొందికగా చూపిస్తూ పోయే సినిమాలు వచ్చాయి, వస్తాయి. వాటి దగ్గర తమరు నిస్సంకోచంగా కొలువు తీరవచ్చు, నేను కుర్చీ వేస్తాను. కాకపోతే అక్కడ కూడా తమరు ఫలానా సన్నివేశంలో ఫలానా చోట అని వేలు పెట్టి చూపించరు. కీటన్ గోడకూ, తాతీ తలుపు పిడికీ, ఏమీ జరగని ఒక అందమైన గదికీ ఒకే ముద్ర గుద్ది పంపిస్తారు.

కావున తమరిని వేడుకునేది ఏమనగా, రాబోయే హాస్యచిత్రానికి తమరు కొంచెం ఆలస్యంగా విచ్చేయవలసినది. ట్రైలరు దగ్గర, పోస్టరు దగ్గర కాపు కాయడం మానవలసినది. పేర్లు పడుతున్నంతసేపు బయట నిలబడి, నవ్వొచ్చిందా అని మమ్మల్ని మేము అడుక్కునేందుకు వ్యవధి ఇవ్వవలసినది. లోపలికి వచ్చేటప్పుడు ఏ సన్నివేశం ఖాళీగా ఉందో ఒక చీటీ మీద రాసి వెంట తెచ్చుకోవలసినది. తమరి కవల సోదరుడికి కూడా ఇదే లేఖ నకలు పంపుతున్నాను. అయితే అతడు దీనిని చదవడానికి ముందు అక్షరాల ఆకృతిని మెచ్చుకుంటూ కూర్చుంటాడేమోనన్న భయం మాత్రం ఉంది.

ఇట్లు,
తమరు ఓదార్చబోయిన ప్రేక్షకులలో ఒకడు