ఖాళీ అయ్యే తేదీ ముందే తెలిసిన కుర్చీ

విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ (వీసీ) పదవీకాలం మూడేళ్లు. అది ఎప్పుడు ముగుస్తుందో నియామకమైన రోజునే లెక్కగట్టవచ్చు. అయినా తెలంగాణలో 2021 మేలో వచ్చిన వీసీల గడువు 2024 మేలో తీరితే, కొత్తవారు రావడానికి అక్టోబరు దాకా పట్టింది. అంతకుముందు 2019లో ఖాళీ అయిన కుర్చీలైతే దాదాపు రెండేళ్లు ఐఏఎస్ అధికారుల అదనపు బాధ్యతల జాబితాలోనే ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక పలువురు వీసీలు వరుసగా రాజీనామా చేశారు. ఆ స్థానాల భర్తీ 2025 ఫిబ్రవరికి గానీ మొదలుకాలేదు.

ఈ మాట ఎత్తితే చాలు, చర్చంతా గవర్నర్ మీదికి మళ్లుతుంది. విశ్వవిద్యాలయాల అధిపతి అయిన ఛాన్సలర్‌గా ఆయన ఉండాలా, ప్రభుత్వం చెప్పినవారు ఉండాలా అని. గవర్నర్లపై ఇలాంటి అదనపు పదవుల భారం వద్దని కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లోనే చెప్పింది. వాదించుకోదగ్గ విషయమే. కానీ ఆ తగవు రేపే తేలిపోయినా ఈ ఖాళీలు తీరవు. ముడి పడింది పైన కాదు, విశ్వవిద్యాలయ నిర్ణయాలు తీసుకునే పాలక మండలి దగ్గర.

ఉమ్మడి రాష్ట్రపు 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో ముగ్గురుంటారు: పాలక మండలి తరఫున ఒకరు, కేంద్రంలోని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) తరఫున ఒకరు, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒకరు. వారు మూడు పేర్లు పంపాలి. మొదటి ప్రతినిధిని ఎంచాలంటే పాలక మండలి సమావేశం కావాలి. అక్కడికొచ్చేసరికి మండలిలో నామినేటెడ్ సభ్యుల గడువూ ముగిసి ఉంటుంది. వారిని నియమించాల్సింది ప్రభుత్వం, దానికి గడువంటూ లేదు. మిగిలేది ఉన్నత విద్య, ఆర్థిక శాఖల అధికారులు. వారికి తీరిక దొరికితేనే సమావేశం. ఈలోగా ఇన్‌ఛార్జి వీసీ రోజువారీ ఫైళ్లు చూస్తారు తప్ప అధ్యాపకుల ఎంపిక కమిటీలు వేయరు, కొత్త కోర్సుల జోలికి పోరు. తాత్కాలికంగా వచ్చిన అధికారి దీర్ఘకాలిక నిర్ణయాలు తీసుకోకపోవడం తప్పనీ అనలేం.

ఉన్న మెలికలకు తోడు ఢిల్లీది మరొకటి. రాజ్యాంగంలో విశ్వవిద్యాలయాల స్థాపన రాష్ట్ర జాబితాలో 32వ అంశం. ప్రమాణాల నిర్ధారణ కేంద్ర జాబితాలో 66వ అంశం. విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది. యూజీసీ నిబంధనలకు, రాష్ట్ర చట్టానికి పొసగనప్పుడు నిబంధనలదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం కేసులో తేల్చింది. అక్కడ కమిటీ పంపింది ఒకే పేరు. నియామకం రద్దయింది. ఇక యూజీసీ 2025 జనవరి ముసాయిదా నిబంధనల్లోని సెర్చ్ కమిటీలో రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధే లేరు. పాలక మండలి తరఫు స్థానం మాత్రం ఉంది. జీతాలిచ్చే ప్రభుత్వాన్ని పక్కన పెట్టడంపై రాష్ట్రాల అభ్యంతరం సబబే. అయితే తామే ఏళ్లతరబడి ఖాళీగా ఉంచే మండలిని వాదనకు అడ్డం పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు?

డబ్బు సంగతీ ఇక్కడే చూడాలి. ప్రభుత్వం ఏటా గంపగుత్తగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్ విడతలుగా వస్తుంది, జీతాలు, పింఛన్లకే చాలదు. లోటును అనుబంధ కళాశాలల ఫీజులు, పరీక్ష ఫీజులు, విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పూడుస్తాయి. అధ్యాపకుల ఏడో వేతన సవరణ అదనపు భారంలో కేంద్రం సగం మోస్తానన్నది 2019 మార్చి వరకే, 39 నెలలకు, తర్వాతదంతా రాష్ట్రాలదే. అందుకే పోస్టు ఖాళీ అయితే కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారు. ఆర్థిక శాఖ అధికారి పాలక మండలిలో కూర్చుని పోస్టుల భర్తీకి తలూపుతారు, అదే ఫైలు సచివాలయానికి చేరాక వెనక్కి వెళ్తుంది. మండలి తీర్మానానికి అంతకుమించి విలువ ఉండటం లేదు.

కొన్ని సవరణలు చేయాల్సిందే. వీసీ గడువు తీరడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ ఏర్పడాలని చట్టంలో రాయాలి. మండలి నిర్ణీత వ్యవధిలో ప్రతినిధిని ఎంచకపోతే ఆ హక్కు విద్యా వ్యవహారాలు చూసే అకడమిక్ సెనేట్‌కు పోవాలి. నామినేటెడ్ సభ్యులందరి గడువూ ఒకేసారి తీరకుండా, ఏటా మూడో వంతు మారేలా చూడాలి. వారసులు వచ్చేదాకా పాతవారు కొనసాగాలి. ఉపాధ్యాయ ప్రతినిధులను నామినేట్ చేయడం మాని ఎన్నుకోనివ్వాలి. ఇన్‌ఛార్జి వీసీగా సీనియర్ ప్రొఫెసర్ ఉండాలి, అదీ 90 రోజులకు మించకూడదు. దీనివల్ల ప్రాంగణాల్లో వర్గాల పోరు పెరుగుతుందనే వారున్నారు. పోరు ఇప్పుడూ ఉంది. కాకపోతే అది సచివాలయం వరండాల్లో నడుస్తోంది.

1991 చట్టాన్ని రెండు రాష్ట్రాలూ తమదిగా చేసుకున్నాయి, మార్చుకునే అధికారం శాసనసభలకుంది. పై సవరణల్లో గవర్నర్ అధికారాలను తాకేది ఒక్కటీ లేదు కనుక, బిల్లు రాజ్‌భవన్‌లో ఆగిపోయిందన్న సాకుకు తావుండదు.