గంజాయి తలనొప్పికి మందు అనుకుంటున్నవాళ్లకు

మా తమ్ముడికి ఇంటర్ నుంచీ మైగ్రేన్. నొప్పి మొదలైతే కిటికీలు మూసేసి, తలకు తువ్వాలు బిగించి కట్టుకుని చీకట్లో పడుకునేవాడు. బెంగళూరులో ఉద్యోగంలో చేరాక రూమ్మేట్ గంజాయి అలవాటు చేశాడు. "రెండు దమ్ములకే పోతోందక్కా, మాత్రల కంటే నయం" అన్నాడు. తిట్టాను. దాంతో నాకు చెప్పడం మానేశాడు, తాగడం మాత్రం మానలేదు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. 1892లోనే విలియం ఆస్లర్ అనే పెద్ద వైద్యుడు మైగ్రేన్‌కు గంజాయి మంచి మందని తన వైద్యగ్రంథంలో రాశాడు. 2019లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, వాడేవాళ్లు యాప్‌లో రాసుకున్న వివరాలు పరిశీలిస్తే, పీల్చాక నొప్పి దాదాపు సగం తగ్గినట్టు తేలింది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ గుణం తగ్గుతోందని, మోతాదు పెరుగుతోందని కూడా అందులోనే ఉంది. "సహజమైన మూలిక, ఏమీ కాదు" అని చెప్పే స్నేహితులు ఈ సంగతి ఎందుకు చెప్పరు?

ఏడాదిన్నర తిరిగేసరికి వాడికి రోజు విడిచి రోజు తలనొప్పి. సంక్రాంతికి ఊరొచ్చాడు, ఇక్కడ సరుకు దొరకదు. రెండో రోజుకే తల పగిలిపోతోందన్నాడు. ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు, అన్నం పెట్టిన అమ్మ మీద కేకలు. "చూశావా, అది లేకపోతే ఎలా అయిపోతున్నానో" అన్నాడు. వాడు మనస్ఫూర్తిగా అదే నమ్మాడు. నాకూ అప్పుడు తెలియలేదు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో ముదిరి, ఆ తర్వాత మెల్లగా తగ్గే లక్షణాలవి. వాటిలో తలనొప్పి కూడా ఒకటి. ఆ నొప్పికి మళ్లీ గంజాయే తాగితే ఇక బయటపడేదెప్పుడు?

అంతకుముందు ఇద్దరు డాక్టర్లకు చూపించాం. గంజాయి సంగతి వాళ్లు అడగలేదు, కేసవుతుందన్న భయంతో వీడు చెప్పలేదు. స్కానింగులు తీసి, మాత్రలు మార్చి పంపారు. ఆ మాత్రలతోనూ చిక్కే. మామూలు నొప్పి మాత్ర అయినా నెలకు 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే అదే తలనొప్పి తెచ్చిపెడుతుంది. మైగ్రేన్ ముదిరిన 368 మందిని చూసిన 2021 నాటి స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో, ఈ మందుల తలనొప్పి ఉండే అవకాశం గంజాయి వాడేవాళ్లలో ఆరు రెట్లు కనిపించింది. అసలు కారణం గంజాయేనని ఆ లెక్క రుజువు చేయదు. కానీ డాక్టర్ దగ్గర దాచాల్సిన విషయం కాదని చెప్పడానికి నాకు అది చాలు. గంజాయి అలవాటైనవాళ్లు తమంతట తాము చికిత్సకు వస్తే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఎ సెక్షన్ కింద కొన్ని షరతులతో కేసు నుంచి రక్షణ ఉంది. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. దయచేసి మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి.

మూడో డాక్టరమ్మ తలుపు వేసి, నెమ్మదిగా అడిగింది. వాడు అంతా చెప్పేశాడు.

ఆపి ఏడు నెలలైంది. మైగ్రేన్ పోలేదు, నెలకు రెండు మూడుసార్లు వస్తోంది. నిన్న ఫోన్ చేశాడు. "కిటికీ మూసి పడుకుంటున్నానక్కా, సాయంత్రం మాట్లాడతా" అన్నాడు.